డీ గ్రేడ్లు, లేటు పిల్లలు, కొండ మీద కొళాయి: మా ఏడో తరగతి కేసు

ముందే ఒక మాట చెప్పేస్తా. ఇది విశాఖపట్నంలో ఒక మున్సిపల్ బడి, 2024-25లో నా చేతిలో ఉన్న ఏడో తరగతి. బడి పేరు, పేట పేరు రాయను. పిల్లల సంగతులు కూడా ఎవరూ గుర్తుపట్టకుండా అక్కడక్కడ మార్చాను. నేను లెక్కల మేస్టార్ని, సర్వీసు ఇరవై ఏళ్ళు దాటింది. అంత సర్వీసుండి కూడా కళ్ళ ముందున్నది కనపడక దాదాపు ఐదు నెలలు తప్పుదారిలో తిరిగాను, అందుకే రాస్తున్నా.

బడి, పిల్లలు

వైజాగ్ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇక్కడ ఒక పక్క సముద్రం ఒక పక్క కొండ, మధ్యలో దొరికిన చోటల్లా ఊరు. మా బడికి ముందు వైపు అపార్ట్‌మెంట్లు, వెనక కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఇళ్ళు, కిందకి దిగితే జాలర్ల పేట, అక్కడ్నించి హార్బర్‌కి షేర్ ఆటో. ఈ మూడు చోట్ల నుంచే పిల్లలొస్తారు. ఏడో తరగతిలో 41 మంది. వాళ్ళలో 14 మంది చేపల పని మీద బతికే ఇళ్ళ పిల్లలు, 6గురు ఒడిశా నుంచి కూలి పనికి వచ్చినవాళ్ళ పిల్లలు, నలుగురు పాడేరు, అరకు వైపు ఏజెన్సీ నుంచి, మిగతా 17 మంది ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి వాచ్‌మన్లు, తాపీమేస్త్రీలు, ఆటో డ్రైవర్లుగా స్థిరపడ్డవాళ్ళ పిల్లలు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక గదిలో ఉంటూ పై ఫ్లోర్ల వాళ్ళ కార్లు కడిగి బడికొచ్చే గుంటలు, అంటే పిల్లలు, నాకు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.

ఇక్కడ ఒక చిన్న పిడకలవేట. 2022-23 నుంచి బడుల లెక్కలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో పిల్లల వారీగా డేటా ఎక్కించాలి కదా, కులం కేటగిరీ, మాతృభాష, తండ్రి పేరు, ఆధార్, అన్నీ. ఆ ఎంట్రీ పని మా బడిలో నా నెత్తినే పడింది కాబట్టి పిల్లల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు అనుకునేవాణ్ణి. తీరా చూస్తే ఓబీసీ అనే ఒక్క గడిలో వాడబలిజలు, జాలర్లు, గవరలు, తూర్పు కాపులు, యాతలు అందరూ కూర్చున్నారు. ఒకరింట్లో తెల్లారగట్ల నాలుగింటికి లైటు వెలిగితే ఇంకొకరింట్లో ఏడింటికి వెలుగుద్ది. గడి మాత్రం ఒకటే.

సమస్య ఎలా కనపడింది

ఎఫ్ఏ-1, అంటే ఏడాదిలో మొదటి చిన్న పరీక్ష, పేపర్లు దిద్దాక లెక్కల్లో 41 మందికి 19 మంది డీ1, డీ2ల్లో పడ్డారు. అంటే సగానికి కాస్త తక్కువ మందికి నూటికి నలభై దాటలేదు. ఆరో తరగతిలో వీళ్ళే ఇంత ఘోరంగా లేరు. స్టాఫ్ మీటింగ్‌లో హెచ్ఎం మేడమ్ అడిగితే నేనే ఒక టేబుల్ వేసి చూపించా, ఎవరు ఏ ఇంటి నుంచి, ఎంతమంది డీ అని. చేపల ఇళ్ళ నుంచి 14లో 8, ఒడియా వాళ్ళు 6లో 5, ఏజెన్సీ 4లో 2, మిగతా 17లో 4.

టేబుల్ చూడగానే స్టాఫ్ రూమ్‌లో అందరికీ జవాబు దొరికిపోయింది. ఇంకేముంది, ఆ ఇళ్ళల్లో చదువు లేదు, తల్లిదండ్రులు పట్టించుకోరు, వచ్చే పిల్లలే అలాంటివాళ్ళు, మనమేం చేస్తాం. నిజం చెప్పాలంటే నేనూ తలూపాను, ఎందుకంటే ఆ టేబుల్ వేసింది నేనే, అంకెలు అలాగే ఉన్నాయి. ఒక్క సోషల్ మేడమ్ మాత్రం “పోయిన ఏడు కూడా వీళ్ళు ఇదే ఇళ్ళ నుంచి వచ్చారు కదండీ, మరి అప్పుడు ఎందుకు పర్లేదు?” అంది. ఆ ప్రశ్న నాకు ఆరోజు విసుగనిపించింది. తర్వాత తర్వాత కేసంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మొదట చేసినవి, పోయినవి

ఆగస్టు చివర్లో సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా డీ వచ్చిన 19 మందికి రెమిడియల్ క్లాస్ పెట్టా. నా లెక్క సింపుల్: తక్కువ వచ్చింది, కాబట్టి ఎక్కువ టైమ్ ఇద్దాం. మొదటి రోజు 17 మంది ఉన్నారు, రెండో వారానికి 8, దసరా సెలవుల ముందు 5గురు. ఆ 5గురిలో ఇద్దరు అసలు డీ పిల్లలు కాదు, వాళ్ళ ఫ్రెండ్స్ కోసం కూర్చున్నవాళ్ళు. ఆడపిల్లలు నాలుగు బెల్ కొట్టగానే బ్యాగ్ భుజాన వేసుకుని ఎల్లిపోయేవాళ్ళు, తమ్ముణ్ణి తేవాలి, అన్నం వండాలి. ఆగిన మగపిల్లల్ని మిగతావాళ్ళు డల్ బ్యాచ్ అని పిలవడం మొదలెట్టారు. ఒకడు నా దగ్గరకొచ్చి “నాను డల్లా మేస్టారూ?” అని అడిగి, నేను కాదురా అనేలోపే వెళ్ళిపోయి మర్నాటి నుంచి క్లాసుకి రాలేదు. రెమిడియల్ అనే మాట అక్కడితో వదిలేశా.

ఆ తర్వాత ఇళ్ళకి వెళ్ళా, సెప్టెంబర్‌లో రెండు ఆదివారాలు, ఒక పదిళ్ళు తిరిగా. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ నేను చెప్పింది ఒకటే, పిల్లల్ని చదివించండమ్మా అని, వాళ్ళు చెప్పింది కూడా ఒకటే, “మీరు కొట్టండి మేస్టారూ, మేమేటీ అనుకోం.” టీ ఇచ్చారు, కొందరు ఎండు చేపలు పొట్లం కట్టి ఇచ్చారు, నేను సంతోషంగా తిరిగొచ్చా. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది, అంత దూరం వెళ్ళి ఒక్క ఇంట్లో కూడా “పొద్దున మీ పిల్ల ఎన్నింటికి లేస్తుంది, ఏం చేసి బడికొస్తుంది” అని అడగలేదు. వెళ్ళింది తెలుసుకోడానికి కాదు కదా, చెప్పడానికి.

అర్ధ సంవత్సర పరీక్ష ఎస్ఏ-1 వచ్చింది. డీలు 19 నుంచి 18 అయ్యాయి. అంటే ఏమీ అవ్వలేదు.

దారి మారిన చోటు

నవంబర్‌లో ఒకరోజు నాలుగో పీరియడ్ సైన్స్ మేడమ్ సెలవు పెడితే నేను వెళ్ళా. పాఠం మూడ్ లేదు, పిల్లలకీ లేదు, ఊరికే కబుర్లు చెప్పుకుంటున్నాం. రెండో బెంచీలో ఒక పిల్ల ఉంది, ఎఫ్ఏలో డీ2, ఎస్ఏలో డీ2, లాభశాతం చాప్టర్‌లో పేపర్ ఖాళీగా ఇచ్చేసింది. వాళ్ళమ్మ హార్బర్‌లో వేలంలో చేపలు పాడుకుని కాలనీల్లో అమ్ముతుంది. నిన్న బేరం ఎలా ఉందే అని అడిగా.

“గంప పన్నెండొందలకి పాడింది మేస్టారూ, అంతా కానాగంతలే. అమ్మితే పదిహేనొందలొచ్చింది. ఆటోకి ఎనబై, ఐసుకి నలబై పోనాది. నూటెనబై మిగిలింది.”

కాగితం లేదు, పెన్ను లేదు. నేను బోర్డు మీద 1,200, 180 అని రాసి, మరి లాభం ఎంత శాతం అన్నా. బోర్డు వంక చూసింది, నా వంక చూసింది.

“శాతం అంటే ఏటి మేస్టారూ?”

మూడు వారాలు చెప్పాను ఆ చాప్టర్. నాకు కోపం వచ్చింది, దాచుకుని, మీ అమ్మ వంద పెడితే ఎంత మిగిలినట్టు చెప్పు అన్నా. వేళ్ళ మీద ఏదో అనుకుంది, పన్నెండు వందలకి నూటెనబై, అయితే వందకి పదిహేను అంది. పదిహేను శాతం. ఆటో, ఐసు ఖర్చు పెట్టుబడిలో కలపకుండా నేను బోర్డు మీద రాసిన అంకెలకి సరిగ్గా చెప్పింది. మరి నేను ఇదే కదే క్లాసులో చెప్పింది అంటే, పక్కనున్న పిల్ల అంది, “అది ఎప్పుడూ ఫస్ట్ పీరియడ్‌లో ఉండదు కదా మేస్టారూ.”

మా టైమ్ టేబుల్‌లో ఏడో తరగతికి లెక్కలు వారంలో ఆరు రోజులూ ఫస్ట్ పీరియడ్. వేయించుకున్నది నేనే, జూన్‌లో, పొద్దున పిల్లల బుర్ర ఫ్రెష్‌గా ఉంటుందని. ఆరో తరగతిలో వీళ్ళకి లెక్కలు మూడో పీరియడ్ ఉండేది. సోషల్ మేడమ్ అడిగిన ప్రశ్నకి జవాబు అదీ.

మరి హాజరు పట్టీలో కనపడలేదా అంటే, కనపడదు. మా బడిలో యాప్‌లో అటెండెన్స్ పదిన్నర ప్రాంతంలో వేసేవాళ్ళం, మధ్యాహ్నం భోజనం లెక్క కూడా దాన్నిబట్టే. లేటుగా వచ్చినవాడికి ఆబ్సెంట్ వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు, పిల్లల్ని బడికి పంపే తల్లికి ప్రభుత్వం డబ్బిచ్చిన అమ్మఒడి రోజుల నుంచి 75 శాతం హాజరు అన్నది అందరి బుర్రల్లో నాటుకుపోయింది, ఆ తల్లి డబ్బు మన వల్ల పోకూడదు అని. అది మంచి ఉద్దేశమే. కానీ దానివల్ల ఆ పిల్ల రికార్డులో నూటికి తొంభై రోజులు ప్రెజెంట్, నా పాఠానికి మాత్రం వారంలో రెండు రోజులు.

ఇది ఒక్క పిల్ల మాటా, ఇంకా ఉన్నారా అని తేల్చుకోవాలి. ఇక్కడ ఒక నిర్ణయం తీసుకున్నా, ఎవర్నీ ఏమీ అడగకూడదు, ముందు రాసుకోవాలి అని. అడిగితే పిల్లలు భయపడి నాలుగు రోజులు పరిగెత్తుకుని వస్తారు, అసలు సంగతి దాక్కుంటుంది. ఒక పాత వంద పేజీల నోట్‌బుక్ తీసుకుని, ఫస్ట్ పీరియడ్ మొదలైన పది నిమిషాలకి క్లాసులో ఎవరున్నారో టిక్, తర్వాత వచ్చినవాళ్ళ పేరు పక్కన వచ్చిన టైము. మూడు వారాలు రాశా. 13 మంది వారానికి కనీసం రెండు రోజులు లేటు. ఆ 13లో 10 మంది డీ పిల్లలు.

టైములు చూస్తే ఇంకో తమాషా. ఐదు నిమిషాలు, పది నిమిషాలు లేటు అన్నది దాదాపు లేదు. వస్తే టైముకి రావడం, లేదంటే నేరుగా రెండో పీరియడ్‌కి. ఎందుకో అర్థమవ్వలేదు, గేటు దగ్గరికి వెళ్ళి నిలబడితే తెలిసింది. ప్రేయర్ తర్వాత వచ్చినవాళ్ళని గ్రౌండ్‌లో నిలబెట్టే అలవాటు మా బడిలో ఎప్పట్నుంచో ఉంది, క్రమశిక్షణ అని. పెద్దవుతున్న పిల్లలు, ఏడో తరగతి, అందరి ముందు ఎండలో నిలబడ్డం నామోషీ. అందుకని పదిహేను నిమిషాలు లేటైన పిల్ల సందు చివర టీ బడ్డీ పక్కన గోడ మీద కూర్చుని, రెండో బెల్ కొట్టాక ఇంటర్వెల్‌కి బయటికెళ్ళి వచ్చినట్టు లోపలికి వచ్చేస్తోంది. వాళ్ళు పదిహేను నిమిషాలు పోగొట్టుకుంటే మేం ముప్పై కలిపి లెక్క సరిచేశాం.

ఎందుకు లేటు

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా బడుల్లో మెగా పీటీఎం, అంటే తల్లిదండ్రుల సమావేశం, పెట్టారు గుర్తుందా, ఆరోజు తల్లులు బాగా వచ్చారు. ఈసారి నేను ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ 13 మంది తల్లుల్లో వచ్చిన 9 మందిని విడివిడిగా కూర్చోబెట్టి ఒకటే అడిగా, పొద్దున లేచిన దగ్గర్నుంచి బడికి బయల్దేరే దాకా మీ ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పండి అని.

మెట్ల మీద ఇళ్ళావిడ ఒకామె, భర్త తాపీమేస్త్రీ, ఆమె నాలుగు ఫ్లాట్లలో పాచిపని చేస్తుంది. “మా లైనుకి కొళాయి ఎనిమిదిన్నరకి గానీ రాదు మేస్టారూ. కింద మెట్లోలికి ఏడింటికే వచ్చెత్తాది. నాను ఆరింటికే పనిలోకెల్లిపోతాను. గుంట నాలుగు బిందెలు పట్టి పైకెక్కించి, అప్పుడు కదా రావాల. ఒక్కరోజు పట్టకపోతే రోజల్లా ఇంట్లో సుక్క నీరుండదు.”

పై మెట్ల లైనులో 8 మంది ఉన్నారు లేటు లిస్టులో. వాళ్ళెవరో చూస్తే, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు ముగ్గురు, ఒడియా పిల్లలు ఇద్దరు, ఏజెన్సీ పిల్లాడు ఒకడు, పేట నుంచి కొండ మీదకి మారిపోయిన చేపల ఇళ్ళ పిల్లలు ఇద్దరు. నా టేబుల్‌లో నాలుగు వేరే వేరే గడుల్లో ఉన్నవాళ్ళు ఒకే కొళాయి దగ్గర వరసలో నిలబడ్డారు. ఆ వరస ఏ ఫారంలోనూ కాలమ్ కాదు.

మిగతా 5గురూ పేట పిల్లలు, తల్లులు తెల్లారగట్ల నాలుగింటికి హార్బర్‌కి వెళ్ళేవాళ్ళు. నాన్నలు బోటు మీద ఉంటారు, ఒకాయన అయితే గుజరాత్ వెరావల్ బోట్లలో, ఏడాదిలో ఎనిమిది నెలలు ఇంట్లో ఉండడు. ఇంట్లో చిన్నపిల్లలుంటే అంగన్‌వాడీ తలుపు తీసేది తొమ్మిదికి, అక్కడ తమ్ముణ్ణి వదిలేసి బడికి నడిచొస్తే తొమ్మిదీ ఇరవై. అదే పేటలో, అదే కులంలో, అదే పని చేసే ఇళ్ళల్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఆ పిల్లలు టైముకి వస్తున్నారు, వాళ్ళలో బీ1లు కూడా ఉన్నారు. పేట పిల్లలు వెనకబడ్డారు అని నేను స్టాఫ్ రూమ్‌లో చూపించిన అంకెలో నాయనమ్మ ఉన్న ఇల్లూ లేని ఇల్లూ కలిసిపోయి ఉన్నాయి.

ఒక్క డీ, మూడు జబ్బులు

లేటు పిల్లలు 10 మంది అన్నా కదా డీల్లో, మరి మిగతా 9 మంది? వాళ్ళు టైముకే వస్తున్నారు. అందుకని పిల్లలకి చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో వాడే పద్ధతిలో క్లాసు మొత్తానికి చిన్న టెస్ట్ పెట్టా, ఒక్కొక్కరిని పిలిచి, అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం. మొత్తం క్లాసుకి ఎందుకంటే, డీ వాళ్ళకే పెడితే మళ్ళీ డల్ బ్యాచ్ గొడవ.

లేటుగా వచ్చే 10 మంది డీ పిల్లల్లో 8 మంది భాగహారం సుబ్బరంగా చేశారు. వాళ్ళకి పునాది ఉంది, ఈ ఏడాది పాఠాలే వినలేదు. ఆగస్టులో నేను వాళ్ళని కూర్చోబెట్టి కూడికలు తీసివేతలు చేయించాను పాపం.

ఒడియా పిల్లలు ఐదుగురిలో నలుగురు ఉత్తి లెక్క ఇస్తే చేసేశారు. అదే లెక్క మాటల్లో ఇస్తే చతికిలపడ్డారు. మా పాఠ్యపుస్తకం ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు, వాళ్ళకి రెండూ పరాయివే. ఒక పిల్ల 432ని 6తో భాగించి 72 అని టకటకా చేసింది, కింద “432 మామిడిపండ్లను 6 బుట్టలలో సమానంగా సర్దిన” అని ఉంటే రెండూ కూడేసి 438 రాసింది. ఎందుకు కూడావమ్మా అంటే కొంచెంసేపు ఆగి, “రెండు నంబర్లు ఉన్నాయి సార్” అంది. దీన్ని మీ బడిలో ఏమనేవారు అని భాగహారం గుర్తు చూపిస్తే “హరణ” అంది. కూడిక మిశాణ, తీసివేత ఫేడాణ, గుణకారం గుణన, భాగహారం హరణ. ఇరవై ఏళ్ళుగా భాగహారం అని చెప్తున్నా, దాని తోకలోనే వాళ్ళ మాట వేలాడుతోందని తట్టలేదు నాకు. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ వయసుకి తగ్గ క్లాసులో చేర్చుకోమంటుంది, అది చేస్తాం. మిగతావాళ్ళతో సమానం అవ్వడానికి ప్రత్యేక శిక్షణ పొందే హక్కు ఉందని కూడా అదే సెక్షన్‌లో ఉంది, అది చెయ్యం.

ఇంక మిగిలిన 6గురు నిజంగానే భాగహారం రానివాళ్ళు, ఇద్దరికైతే అప్పు తీసివేతే రాదు. పేట పిల్లలు ముగ్గురు, ఏజెన్సీ పిల్లాడు ఒకడు, మిగతావాళ్ళలో ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకడి తండ్రికి నెలజీతం ఉద్యోగం, పిల్లాడు ట్యూషన్‌కి వెళ్తాడు, నోట్సు ముత్యాల్లా ఉంటాయి. వాణ్ణి ఎవరూ ఎప్పుడూ అనుమానించలేదు, ఇల్లు మంచిది కదా అని.

చేసినవి, వాటి మీద తగువులు

మొదటిది టైమ్ టేబుల్. ఫస్ట్ పీరియడ్ నుంచి లెక్కలు తీసేయమంటే స్టాఫ్ రూమ్‌లో పెద్ద రచ్చ. “అంటే మా సబ్జెక్ట్ పోయినా పర్లేదా మేస్టారూ?” అని ఇంగ్లీష్ సార్. న్యాయమైన ప్రశ్నే, నా రాయి తీసి ఆయన నెత్తిన పెట్టడం పరిష్కారం కాదు. చివరికి కుదిరింది ఏంటంటే ఫస్ట్ పీరియడ్ రోజుకొక సబ్జెక్ట్ తిరుగుద్ది, ఎవరిదైనా సరే ఆ పీరియడ్‌లో కొత్త పాఠం మొదలెట్టకూడదు, ప్రాక్టీసు, చదివించడం, నోట్సు దిద్దడం అంతే. హెచ్ఎం మేడమ్ భయం ఇంకోటి, ఎవరైనా విజిట్‌కి వచ్చి సిలబస్ వెనకబడింది అంటే? ఆవిడకి నా నోట్‌బుక్ చూపించా. పది నిమిషాలు పేజీలు తిప్పి, “డిసెంబర్ 16 నుంచి మార్చేయండి, అడిగితే నేను చెప్తా” అంది. ఈ కేసులో ఏదైనా పనిచేసిందంటే సగం ఆ మాట వల్లే.

రెండోది గేటు. నిలబెట్టడం ఆపేశాం. పీఈటీ సార్ ఒప్పుకోలేదు, అందరూ లేటుగా వస్తారన్నాడు. రెండు వారాలు చూద్దాం అన్నాం. మొదటి వారం ఆయన అన్నట్టే అయింది, ఎప్పుడూ టైముకి వచ్చే అపార్ట్‌మెంట్ వైపు మగపిల్లలు నలుగురు తీరిగ్గా రావడం మొదలెట్టారు. వాళ్ళని ఆయన తన పద్ధతిలో చూసుకున్నాడు. కానీ గోడ మీద కూర్చునేవాళ్ళు పావుగంట లేటుతో నేరుగా క్లాసులోకి రావడం మొదలైంది.

మూడోది, భోజనం అయ్యాక పాతిక నిమిషాలు, ఆ 6గురితో వరండాలో. దానికి పేరు పెట్టలేదు. పుల్లలు, పదుల కట్టలు, చిల్లర నాణేలు, అంతే సరంజామా. బాగా చేసే పిల్లలు ఇద్దరు ముగ్గుర్ని కూడా పిలిచి కలిపేశా, చూసేవాళ్ళకి ఇది ఏ బ్యాచో తెలీకూడదని. సాయంత్రం కాకుండా మధ్యాహ్నం ఎందుకంటే ఆ టైముకి ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు, అన్నం తిన్నాక బడిలోనే ఉంటారు.

ఒడియా పిల్లల విషయంలో నేను చేసింది తక్కువ, వాళ్ళు చేసిందే ఎక్కువ. చార్ట్ పేపర్ ఇచ్చి లెక్కల పుస్తకంలో వచ్చే మాటలు, సమానంగా, మిగిలిన, మొత్తం, ఒక్కొక్కటి, కంటే ఎక్కువ, ఇలాంటివి ఒక ముప్పై, తెలుగులో నేను రాస్తే పక్కన ఒడియాలో వాళ్ళు రాశారు. గోడకి అంటించాం. తెలుగు పిల్లలు ఫేడాణ, ఫేడాణ అని ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకోవడం మొదలెట్టారు, అది ఎగతాళిగా మారుద్దేమో అని భయపడ్డా గానీ, ఆ ఒడియా పిల్ల నవ్వుతూ వాళ్ళ ఉచ్చారణ దిద్దడం చూశాక ఊరుకున్నా.

చేయలేకపోయినవీ చెప్పాలి. కొళాయి టైము మార్చమని తల్లులతో అర్జీ రాయించాం, దాని సంగతి మాకేం తెలియలేదు. అంగన్‌వాడీ తొమ్మిది కంటే ముందు తీయడం ఆ టీచర్ చేతిలో లేదు, అడిగితే ఆవిడా ఏడ్చినంత పని చేసింది. ఒడియా పిల్లల్లో ఒకడు సంక్రాంతికి ఊరెళ్ళి ఫిబ్రవరిలో వచ్చి టీసీ తీసుకుని వెళ్ళిపోయాడు, చార్ట్‌లో సగం మాటలు వాడి చేతిరాతే.

ఏప్రిల్‌లో ఏం తేలింది

ఏడాది చివరి పరీక్ష ఎస్ఏ-2లో డీలు 9. ఎఫ్ఏ-1 పేపరూ ఎస్ఏ-2 పేపరూ ఒకటి కాదు, కాబట్టి 19 నుంచి 9 అన్నది పోస్టర్ మీద వేసుకునే అంకె కాదు. నేను నమ్మేది ఎవరు కదిలారు అన్నదాన్ని. లేటు పిల్లలు 10 మందిలో 7గురు డీ దాటారు, చేపల గంప పిల్ల బీ2. వరండా 6గురిలో ఇద్దరే దాటారు, నలుగురు దాటలేదు గానీ ఆ నలుగురిలో ముగ్గురికి ఇప్పుడు భాగహారం వస్తుంది, ఏడో తరగతి పేపర్‌లో అది మార్కులుగా కనపడదు. మూడేళ్ళ లోటు మూడు నెలల్లో పోదు కదా.

ఇంకొకటి గమనించా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. వేలం పల్చబడి తల్లులు ఇంట్లో ఉంటే పేట పిల్లలు టైముకి రావాలి. వచ్చారు కూడా, ఆ చివరి వారం 5గురిలో నలుగురు బెల్‌కి ముందే ఉన్నారు. కొండ పిల్లలు మాత్రం మామూలే. నా నోట్‌బుక్ తప్పు చెప్పట్లేదని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే.

నా మటుకు నేను మార్చుకున్నవి రెండు మూడు. డీలు ఎన్ని అని చూసే ముందు ఆ డీ పిల్ల పాఠం చెప్పినప్పుడు గదిలో ఉందా అని చూస్తున్నా. కులం, వలస, మాతృభాష కాలమ్‌లు పనికిరావని అనను, ఒడియా పిల్లల సంగతి ఆ కాలమ్ లేకపోతే పట్టుకునేవాణ్ణే కాదు, కానీ అవి ఎక్కడ వెతకాలో చెప్తాయి తప్ప ఏం జరిగిందో చెప్పవు. ఇంటికెళ్తే అడగడానికి వెళ్తున్నా, సలహా జేబులోనే ఉంచుకుంటున్నా. మీ బడిలో లెక్కలు ఫస్ట్ పీరియడ్ అయితే ఒక్క వారం టైములు రాసి చూడండి, ఒక పాత నోట్‌బుక్ చాలు.

మరుసటి ఏడు, 2025 జూన్‌లో బడి తెరిచాక అదే నోట్‌బుక్ కొత్త ఏడో తరగతికి మొదలెట్టా. జూలైలో కొండ మీద పిల్లలు ఒక్కసారిగా టైముకి రావడం మొదలెట్టారు, ఏమైందిరా అంటే పై లైనుకి నీళ్ళు సాయంత్రానికి మార్చారు సార్ అన్నారు. అర్జీ వల్లో ఇంకెందుకో తెలీదు. కానీ ఇప్పుడు నాలుగు బెల్ కొట్టకముందే బ్యాగులు సర్దుకుంటున్నారు, ఆఖరి పీరియడ్ సైన్స్.